పై తరగతి పాఠ్యాంశములను ఒక సంవత్సరము ముందుగా నారంభించుట

"ఆలస్యము అమృతమును విషము చేయును" అని యొక లోకోక్తి కలదు. "నిదానమే ప్రధానము" అని మఱియొకటి కలదు. బిడ్డల చదువు విషయమున తలిదండ్రులలో కొందఱు మొదటిదానిని, కొందఱు రెండవదానిని చేపట్టి వాదించుచుందురు. ఉన్నత పాఠశాల చదువు ముగియకమునుపే, దాని పైమెట్టునకు చెందిన పాఠ్యాంశములను ఒక సంవత్సరము ముందుగా నారంభించుట మేలా, కీడా యను ప్రశ్నయందు ఈ రెండు లోకోక్తులును ఎదురెదురుగా నిలుచును. పదవ తరగతి చదువు బిడ్డ గల యింట నీ ప్రశ్న పుట్టకుండుట యరుదు.

ఊరక వాదించుటకంటె, ఈ పద్ధతి నియమబద్ధముగ నడచుచున్న యొక దేశపు దృష్టాంతమును పరిశీలించుట మేలు. ఆస్ట్రేలియా దేశమందలి విక్టోరియా రాష్ట్రమున ఇట్టి యేర్పాటు కలదు. ఆ రాష్ట్రమునకు ముఖ్యపట్టణమైన మెల్బోర్న్ నగరమున మన తెలుగు కుటుంబము లనేకములు కాపురమున్నవి. "మా అబ్బాయి పై తరగతి పాఠము నప్పుడే మొదలిడినాడు" అని అచ్చటి బంధువులు చెప్పగా, ఇచ్చటివారు తమ బిడ్డ వెనుకబడెనేమో యని కలత చెందుట సహజము. కావున అచ్చటి పద్ధతి యెట్టిదో, దాని లాభనష్టము లెవ్వియో, అందు మనకు గ్రాహ్యమైన దెంతయో క్రమముగ చూతము.

1. విక్టోరియా రాష్ట్రపు పద్ధతి

అచ్చట పాఠశాల విద్య పండ్రెండవ తరగతితో ముగియును. విద్యాసంవత్సరము జనవరి నెలాఖరున నారంభమై డిసెంబరులో ముగియును. చివరి రెండు తరగతులలో పెక్కుమంది విద్యార్థులు సంపాదించు యోగ్యతాపత్రమునకు విక్టోరియన్ సర్టిఫికేట్ ఆఫ్ ఎడ్యుకేషన్ అని పేరు, క్లుప్తముగ వి.సి.ఇ. యందురు.

ఇందు సామాన్యముగ ప్రతి పాఠ్యాంశమును నాలుగు యూనిట్లుగా విభజింపబడి యుండును. ఒక్కొక్క యూనిట్టు అర్ధసంవత్సరపు చదువు. 1, 2 యూనిట్లను పదునొకండవ తరగతిలోను, 3, 4 యూనిట్లను పండ్రెండవ తరగతిలోను చదువుట వాడుక. మొదటి రెండు యూనిట్లను పాఠశాలయే పరీక్షించి, చదువు తృప్తికరముగ జరిగినదో లేదో నిర్ణయించును. 3, 4 యూనిట్లకు పాఠశాలలో జరుగు పరీక్షలతోపాటు సంవత్సరాంతమున రాష్ట్రమునకంతకును సమానమైన పరీక్ష యుండును. యోగ్యతాపత్రము లభించుటకు కనీసము 16 యూనిట్లు తృప్తికరముగ ముగింపవలెను. వానిలో ఇంగ్లీషు వర్గమునకు చెందినవి మూడు యూనిట్లు, 3, 4 యూనిట్ల జంటతో కూడ, ఉండవలెను. ఇంగ్లీషు గాక మఱి మూడు పాఠ్యాంశములందైనను 3, 4 యూనిట్లను పూర్తిచేసి యుండవలెను.

3, 4 యూనిట్లు ముగించినవారికి 50కి మించని యొక అంక మీయబడును. దీనిని స్టడీ స్కోరు అందురు. ఇది నూటికిన్ని మార్కులని చెప్పు లెక్క కాదు. తోడి విద్యార్థులలో తన స్థాన మేదియో తెలుపు లెక్క. సగటు అంకము 30గా నుండునట్లు దీని నేర్పఱచినారు. 40గాని అంతకు మించిగాని వచ్చువారు ఒక్కొక్క పాఠ్యాంశమున సుమారు నూటికి తొమ్మండ్రు మాత్రమే.

ఇంతవఱకు మన ఇంటర్మీడియట్ చదువునకును దీనికిని పెద్ద భేదము కనబడదు. భేద మెక్కడ ననగా, అచ్చట యూనిట్టు తరగతికి కట్టివేయబడలేదు. పాఠశాల యనుమతించినచో పదవ తరగతి విద్యార్థి 1, 2 యూనిట్లను, పదునొకండవ తరగతి విద్యార్థి 3, 4 యూనిట్లను చదువవచ్చును. చదివినది వ్యర్థము గాక, అతని పేర లెక్కలో నిలిచియుండును.

2. ముందుగా నారంభించుట యనగా నేమి?

ఇది తరగతి దాటుట కాదు. దీనిని పెక్కుమంది పొరపాటుగ గ్రహించుచున్నారు. విద్యార్థి తన యీడువారితోనే తన తరగతిలోనే యుండును. ఒకే యొక పాఠ్యాంశమున మాత్రము ఒక మెట్టు పైన చదువును.

దృష్టాంతమునకు, జీవశాస్త్రమునందు ఆసక్తి గల యొక బాలికను తలంతము. ఆమె పదవ తరగతిలో తన మామూలు పాఠములతోపాటు జీవశాస్త్రము 1, 2 యూనిట్లు చదువును. పదునొకండవ తరగతిలో జీవశాస్త్రము 3, 4 యూనిట్లు చదివి సంవత్సరాంత పరీక్ష వ్రాయును. అదే యేట తక్కిన యైదు పాఠ్యాంశములందు 1, 2 యూనిట్లు చదువును. పండ్రెండవ తరగతిలో ఆ యైదింటి 3, 4 యూనిట్లను ముగించును. ఈ విధముగ మూడేండ్లలో నామె ఆఱు పాఠ్యాంశములను పూర్తిచేయును. జీవశాస్త్రము, మనశ్శాస్త్రము, వ్యాపార నిర్వహణము, సామాన్య గణితము మున్నగునవి ఇట్లు ముందుగా నెన్నుకొనబడుచుండును. ఇంగ్లీషును ముందుగా ముగించువారు తక్కువ.

3. దీనివలని లాభములు

మొదటి లాభము అనుభవము. రాష్ట్రపరీక్ష యెట్లుండునో, కాలము నెట్లు పంచుకొనవలెనో, పాఠశాలలో నడుమనడుమ జరుగు పరీక్షల భారమెంతటిదో విద్యార్థి ఒక పాఠ్యాంశమునందే ముందుగ నెఱుగును. చెఱువులో దిగి లోతు తెలిసికొన్నవాడు ఏటిలో దిగుటకు వెఱవడు.

రెండవ లాభము భారము తగ్గుట. ఒక పాఠ్యాంశము ముందే ముగిసినచో, చివరి యేట నైదింటికి బదులు నాలుగింటినే చదువుటకు వీలు కలుగును. అట్లుగాక అయిదును చదివినచో, ఆఱవది అదనముగ చేరును. ఈ రెంటిలో నొకటి యెన్నుకొనవలెనేగాని రెండును ఒక్కసారి దొరకవు. ఈ సంగతి మఱవదగదు.

మూడవ లాభము ఉత్సాహము. కొందఱు పిల్లలకు తమ తరగతి పాఠము మఱీ సులభమై విసుగు పుట్టించును. ఎఱిగిన పాఠమునే మరల మరల వినుచు కూర్చుండువానికి చదువునందు సోమరితనము మరగుట కలదు. అట్టివానికి తగినంత బరువైన పాఠము నిచ్చుట ఔషధమువంటిది.

4. లాభము నెట్లు లెక్కింపవలెను?

విశ్వవిద్యాలయ ప్రవేశమునకై అచ్చట ఏటార్ అను నొక స్థానసూచికను లెక్కింతురు. దీని గరిష్ఠము 99.95. ఒకనికి 80 వచ్చినదనగా నూటికి 80 మార్కులు వచ్చినవని యర్థము కాదు. తన యీడువారిలో నూటికి 80 మందిని మించిన స్థానమున నున్నాడని యర్థము.

దీనికై మొదట ఒక్కొక్క పాఠ్యాంశమునందలి స్టడీ స్కోరును, ఆ పాఠ్యాంశమునందు పోటీ యెంత గట్టిదో చూచి, పెంచుటయో తగ్గించుటయో చేయుదురు. పిమ్మట ఇంగ్లీషు అంకమును, తక్కినవానిలో ఉత్తమమైన మూడింటిని పూర్తిగ కలుపుదురు. అయిదవ, ఆఱవ పాఠ్యాంశముల అంకములలో పదవ వంతు మాత్రమే చేర్తురు. ఈ "పదవ వంతు" అను మాటయందే యీ విషయపు కీలకమంతయు నున్నది. ఒక లెక్క చూతము.

ఒక విద్యార్థికి సవరణ పిమ్మట ఇంగ్లీషున 34, తక్కిన మూడింట 38, 36, 33 వచ్చిన వనుకొందము. ఈ నాలుగింటి మొత్తము 141. అయిదవ పాఠ్యాంశమున 30 వచ్చినచో 3 చేరి 144 అగును. ముందుగా చదివిన ఆఱవ పాఠ్యాంశమున 28 వచ్చినచో 2.8 చేరి మొత్తము 146.8 అగును. అనగా సంవత్సరము ముందుగ మొదలిడి పడిన శ్రమకు ఫలము 2.8.

ఇప్పుడు రెండవ ప్రక్కను చూడుడు. ఆ యదనపు భారమువలన తక్కిన యైదు పాఠ్యాంశములందును ఒక్కొక్క అంకము చొప్పున తగ్గినదనుకొందము. మొదటి నాలుగింటి మొత్తము 137. అయిదవదాని పదవ వంతు 2.9, ఆఱవదానిది 2.8. అంతయు కలిపి 142.7. ఆఱవ పాఠ్యాంశము నసలే చదువక యుండినచో 144 వచ్చియుండెడిది గదా! ఒక్కొక్క మెతుకు చొప్పున నైదు విస్తళ్లనుండి తీసి ఆఱవ విస్తరి వడ్డించినట్లయినది.

మూడవ విధమును కలదు. ముందుగా చదివిన పాఠ్యాంశము విద్యార్థికి మిక్కిలి ప్రీతికరమైనదై, అందు 28కి బదులు 37 వచ్చినదనుకొందము, తక్కినవి తగ్గలేదు. అప్పుడు 34, 38, 37, 36 పూర్తిగ లెక్కకు వచ్చి 145 అగును. 33లో పదవ వంతు 3.3, 30లో పదవ వంతు 3 చేరగా మొత్తము 151.3 అగును. పాఠ్యాంశముల సంఖ్య యొకటియే. ఫలములు మాత్రము మూడు తెఱగులు. కావున లాభము ముందుగ నారంభించుటయందు లేదు. దేనిని, ఎవడు, ఎంత బలముతో నారంభించెననుటయందున్నది.

ఇందొక చిన్న నిబంధనయు నెఱుగదగినది. గణితవర్గమునుండి రెండు పాఠ్యాంశములను మాత్రమే మొదటి నాలుగింటిలో చేర్చుకొనవచ్చును. మూడవ గణితము పదవ వంతునకే పనికివచ్చును. కావున సామాన్య గణితమును ముందుగ ముగించి, చివరి యేట మఱి రెండు గణితములను చదువ దలచినవాడు ఈ సంగతి నెఱిగి యెన్నుకొనవలెను.

5. నష్టములు

పదునొకండవ తరగతి విద్యార్థి 3, 4 యూనిట్ల పరీక్ష వ్రాయునపుడు "పిన్నవాడు" అని యెవరును కనికరింపరు. తనకంటె ఒక యేడు పెద్దవారితో సమానముగ నతని పత్రమును దిద్దుదురు. పదునాఱేండ్లవానికిని పదునేడేండ్లవానికిని వయస్సున భేదము స్వల్పమే. కాని చదివినదానిని కూర్చి దీర్ఘమైన సమాధానము వ్రాయుట, ప్రశ్నలోని మర్మమును గ్రహించుట, ఓర్పుతో తప్పులు దిద్దుకొనుట అను గుణములు ఆ యొక్క యేటిలో మిక్కిలి పెరుగును. జ్ఞాపకశక్తికి పరీక్ష యైన పాఠ్యాంశమున ఈ లోపము దాగవచ్చును. ఆలోచనకు పరీక్ష యైన పాఠ్యాంశమున దాగదు.

రెండవ నష్టము పదవ తరగతికే కలుగును. దినమున కున్నవి యిరువదినాలుగు గంటలే. అదనపు పాఠమునకు కావలసిన కాలము ఆటనుండియో, నిద్రనుండియో, మామూలు పాఠములనుండియో రావలెను. ఆట, నిద్ర తగ్గినచో దేహము చెడును. మామూలు పాఠములు తగ్గినచో పునాది చెడును.

మూడవది, తొందరపడి దారి నెన్నుకొనుట. పదునైదేండ్ల ప్రాయమున బిడ్డకు నేడు నచ్చినది రేపు నచ్చకపోవచ్చును. పదవ తరగతి అనేక విద్యల రుచి చూచుటకు తగిన కాలము. ఒకదానికై ముందుగ తలుపు తెఱచుచు, తెలియకయే మఱి రెంటికి తలుపు మూయకుండ చూచుకొనవలెను.

6. ఎవరికి తగును?

ఈ నష్టములను విని ముందుగ నారంభించుట సర్వవిధముల చెడ్డదని తలపరాదు. తగినవారికి దాని నడ్డగించుటయు అన్యాయమే. అమెరికా దేశమున జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయమందలి జూలియన్ స్టాన్లీ అను నాచార్యుడు 1971లో, గణితమున మిక్కిలి చుఱుకైన పిల్లలను గూర్చి దీర్ఘకాలపు పరిశీలన నారంభించెను. ఆయన పండ్రెండు, పదుమూడేండ్ల పిల్లలకు కళాశాలలో చేరబోవు పెద్దవారికై యేర్పడిన పరీక్షనే పెట్టి చూచెను. తరగతి పరీక్షలో అందఱికిని నిండు మార్కులు వచ్చినపుడు వారిలో భేదము తెలియదు. పై పరీక్షలో తెలియును. 2004లో అయోవా విశ్వవిద్యాలయమునుండి వెలువడిన యొక ప్రసిద్ధ నివేదికయు, సిద్ధముగ నున్న ప్రజ్ఞావంతులకు ముందడుగు మేలే చేయునని, వారి మనస్సు చెడునను భయమునకు తగిన యాధారము లేదని తెలిపినది.

ఇందు గమనింపదగిన మాట "సిద్ధముగ నున్న" యనునది. సిద్ధత యనునది మొత్తము మార్కులవలన తెలియదు. ఆ యొక్క పాఠ్యాంశమునందే పరీక్షించి తెలిసికొనవలెను. అన్నిట మొదటివాడుగ వచ్చు బాలుడు రసాయనశాస్త్రమునకు సిద్ధముగ లేకపోవచ్చును. సగటు మార్కులు వచ్చు బాలిక యింట మాటలాడు భాషయందు పై పరీక్షకు సిద్ధముగ నుండవచ్చును.

మన రైతు నారు తీయుట చూచినవారికి ఇది వింతగాదు. మఱీ లేతగ తీసిన నారు నీట నిలువలేక వాలిపోవును; ముదిరిన నారు సరిగ పిలకలు వేయదు. రైతు ప్రొరుగువాని మడిని చూచి నారు తీయడు. తన మడిలోని నారునే చూచి తీయును.

7. మన దేశమున నీ ప్రశ్న

మన రాష్ట్రములలో పదవ తరగతి పిమ్మట రెండేండ్లు ఇంటర్మీడియట్ చదువు. దీనికై ఆంధ్రప్రదేశమున 1971లో ప్రత్యేక విద్యామండలి యేర్పడినది. 2014లో రాష్ట్రము రెండైన పిమ్మట తెలంగాణమునకును వేఱొక మండలి యేర్పడినది. ఇందు పదవ తరగతి విద్యార్థి ఇంటర్మీడియట్ పాఠ్యాంశము నొకదానిని ముందుగ చదివి, పరీక్ష వ్రాసి, లెక్కలో చేర్చుకొను మార్గము లేదు. పదవ తరగతి యుత్తీర్ణుడైన పిమ్మటనే ప్రవేశము.

అయినను ముందుగ నారంభించుట మనయందు లేదని చెప్పజాలము. "ఫౌండేషన్" అను పేరిట అనేక పాఠశాలలలో తొమ్మిదవ, పదవ తరగతులలోనే, కొన్నిచోట్ల అంతకు ముందే, ఇంటర్మీడియట్ గణిత, భౌతిక, రసాయన శాస్త్రములను చెప్పుచున్నారు. ఐ.ఐ.టి. మున్నగు విద్యాలయముల ప్రవేశపరీక్షలే దీనికి ప్రేరకములు. విక్టోరియా పద్ధతికిని దీనికిని గల భేదమును స్పష్టముగ తెలిసికొనుడు. అచ్చట ముందుగ చదివిన పాఠ్యాంశము ముగిసిపోవును. తరువాతి యేట భారము తగ్గించుకొను వీలు కలుగును. ఇచ్చట ముందుగ చదివినది ముగియదు. ఇంటర్మీడియట్‌లో అదే పాఠమును మరల చదివి, అదే పరీక్ష వ్రాయవలెను. అచ్చట ఒక్క పాఠ్యాంశము. ఇచ్చట ఒక్కసారిగ మూడు. అచ్చట ఆసక్తిని విచారింతురు. ఇచ్చట పెక్కుచోట్ల తరగతినంతను ఒకే త్రాట కట్టి నడపుదురు. పేరొకటియైనను పనులు రెండు.

ఉపాధ్యాయులు నిత్యము చూచు సంగతి యొకటి కలదు. కలనగణితపు సూత్రములను గడగడ చెప్పు పిల్లవాడు భిన్నముల కూడికలో తొట్రుపడును. ఇది వాని దోషము కాదు. మెట్టు తప్పించి యెక్కించినవారిది. ఇంటర్మీడియట్ మొదటి యేట భౌతికశాస్త్రమున సదిశరాశులు, తలమున వస్తువుల చలనము వచ్చును. వానికి కావలసినవి పదవ తరగతిలోని త్రికోణమితి, వర్గసమీకరణములు, గ్రాఫులు. రసాయనశాస్త్రమున మోలు లెక్కలు వచ్చును. వానికి కావలసినవి నిష్పత్తి, అనుపాతము, పదియొక్క ఘాతములు. కావున పదవ తరగతి గణితమును లోతుగ నేర్చినవాడు, ఆ పుస్తకమును దాటకయే, ఇంటర్మీడియట్ చదువును నిజముగ నొక యేడు ముందుగ నారంభించినవాడగుచున్నాడు.

8. తలిదండ్రులకును విద్యార్థులకును

తలిదండ్రులారా! మీ బిడ్డను ముందడుగు వేయింపదలచినపుడు ఈ నాలుగు ప్రశ్నలు వేసికొనుడు. ఈ కోరిక బిడ్డదా, మనదా? ఆ పాఠ్యాంశమున నేటి తరగతి పాఠము దానికి నిజముగ కరతలామలకమా? ఇందుకై దినమున దేనిని మానవలసివచ్చును? నడుమ కష్టమైనచో మానుకొనుటకు దానికి స్వేచ్ఛ యిత్తుమా? ఈ నాలుగింటికిని మంచి సమాధానము దొరకినచో సంకోచింపక ముందుకు పంపుడు. కడపటి ప్రశ్నకు "ఈయము" అని సమాధానము వచ్చినచో మాత్రము ఆగుడు. వెనుకకు వచ్చుట అవమానమని భయపడు బిడ్డ తన కష్టమును చెప్పదు, దాచుకొనును. దాచుకొన్న కష్టము మార్కులకంటె విలువైనదానిని హరించును.

విద్యార్థులారా! మీ చెలికాడు పై పుస్తకమును పట్టుకొనెనని మీరు చిన్నబోకుడు. మీకు ప్రియమైన పాఠ్యాంశ మొకటి యున్నచో, దానియందు పై తరగతి పుస్తకము తెఱచి మొదటి ప్రకరణము చదువుడు. తెలిసినచో సంతోషముతో సాగుడు. మీ యుపాధ్యాయునితో చెప్పుడు. ఆయన తప్పక సాయపడును. తెలియనిచో ఏ మాట వద్ద ఆగితిరో గుఱుతు పెట్టుకొని, ఆ మాటకు మూలమైన పాఠమును మీ తరగతి పుస్తకమున వెదకి మరల నేర్చుకొనుడు. ఇట్లు వెనుకకు పోయినవాడును ముందునకు పోయినవాడే.

అభ్యాసము

(1) ఒక విద్యార్థికి సవరణ పిమ్మట ఇంగ్లీషున 35, తక్కిన మూడింట 35, 32, 30, అయిదవదానియందు 29, ఆఱవదానియందు 25 వచ్చినవి. పై పద్ధతిని మొత్తమును కనుగొనుము.

(2) అతడు ఆఱవ పాఠ్యాంశమును మాని, ఆ కాలమును ఇంగ్లీషునకు వినియోగించి 38 తెచ్చుకొనియుండినచో మొత్తమెంత? ఏది మేలు?

(3) నీకు ప్రియమైన పాఠ్యాంశమున, పై తరగతి మొదటి ప్రకరణమునకు ఈ తరగతిలోని యే పాఠములు పునాదియో వ్రాయుము.

మొదటి రెండింటికి సమాధానములు 137.4, 137.9. మూడవదానికి సమాధానము నీ వ్రాతపుస్తకమున వ్రాసి మీ యుపాధ్యాయునకు చూపుము.